గద్ద వెంట పరుగెత్తకండి: గంజాం జిల్లాలో వేటపక్షుల ఫోటోలు ఎలా తీయాలి

ఒడిశాలోని బరంపురంలో ఏ డాబా ఎక్కి తలెత్తినా పగటిపూట ఒక గద్దయినా కనిపిస్తుంది. గంట ప్రయాణం చేసి రంభ చేరితే చిలికా సరస్సు ఒడ్డున గరుడపక్షులు, చలికాలమైతే కొరమీను గద్దలు, అదృష్టం బాగుంటే తెల్లపొట్ట సముద్రపు గద్ద కూడా కనిపిస్తాయి. ఇన్ని రకాల వేటపక్షులు ఇంత దగ్గరలో దొరికే చోట్లు తెలుగువాళ్లు ఉండే ప్రాంతాల్లో తక్కువే. అయినా ఇక్కడ కెమెరా కొన్న చాలామంది దగ్గర పోగుపడేవి తెల్లటి ఆకాశంలో నల్లటి చుక్కలు, లేకపోతే ఎగిరిపోతున్న గద్ద వీపు.

లెన్సు చిన్నదని చాలామంది అనుకుంటారు. అసలు కారణం అది కాదు. పెద్ద గద్దల చూపు మనిషి చూపు కంటే రెండు రెట్లకు పైగా పదును. మీరు దాన్ని గుర్తుపట్టకముందే అది మిమ్మల్ని చూసేసి ఉంటుంది, మీరు ఎటు అడుగులు వేస్తున్నారో కూడా లెక్కగట్టి ఉంటుంది. దాని దగ్గరికి నడవడం మొదలుపెట్టగానే మీకు మిగిలేది వీపే. అది రాబోయే చోటు ముందే తెలుసుకుని అక్కడ కదలకుండా కూర్చున్నవాళ్లకే ముఖం దొరుకుతుంది. ఈ పని కష్టమంతా అక్కడే ఉంది, ఆనందమూ అక్కడే ఉంది. గాలి ఎటు, ఎండ ఎటు, చేపలు ఏ లోతులో ఉన్నాయి, వల ఎప్పుడు ఒడ్డుకు వస్తుంది అని ఆలోచిస్తూ కూర్చోగా, మీరు అనుకున్న చోటికే ఒక గద్ద రెక్కలు చాచి దిగితే కలిగే సంతోషం ఏ ఖరీదైన లెన్సూ కొనిపెట్టలేదు.

కాలం, చోటు

నల్లగద్ద, గరుడపక్షి, జాలెడేగ (శిక్రా), అడవి రామదాసు (బ్లాక్-వింగ్డ్ కైట్) ఏడాది పొడవునా ఇక్కడే ఉంటాయి. కొరమీను గద్దలు, పిల్లిగద్దలు (మార్ష్ హారియర్) ఉత్తరపు చలిదేశాల నుంచి వలస వస్తాయి. కార్తీకం నుంచి శివరాత్రి దాకా అని గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటిసారి వెళ్తున్నవాళ్లకు డిసెంబరు చివర, జనవరి మంచి రోజులు. ఏటా జనవరిలో చిలికాలో నీటిపక్షుల లెక్క తీస్తారు, ఇటీవలి లెక్కల్లో ఆ సంఖ్య పది లక్షలు దాటుతోంది. అన్ని బాతులు, అన్ని నామాలకోళ్లు ఒకచోట చేరితే వాటిని వేటాడేవీ చేరతాయి. ఒక్క ఇబ్బంది పొగమంచు. కొన్ని ఉదయాలు ఎనిమిది దాకా నీటి మీద ఏమీ కనిపించదు. ఆ గంట విసుక్కోకండి. మంచు విడిపోయేటప్పుడు వల కర్రల మీద, అంటే జాలర్లు వలలు కట్టడానికి నీళ్లలో పాతిన కర్రల మీద, రెక్కలు ఆరబెట్టుకునే గద్దలు ఎండ కోసం ఎదురుచూస్తూ కదలకుండా కూర్చుంటాయి.

చోట్ల విషయానికి వస్తే, నేను అయితే ఈ వరుసలో వెళ్లమంటాను. మొదట గోపాల్‌పూర్ ఒడ్డు, పడవలు చేపలతో తిరిగొచ్చే వేళకి. తర్వాత ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు, దానికి దగ్గరలో హుమ్మా ఉప్పు మళ్లు. ఆ తర్వాత రంభ. పొలాల మీద తిరిగే పక్షుల కోసం ఆస్కా వైపు భేతనై. అక్కడ కృష్ణజింకలు పొలంలో తిరిగితే శుభమని నమ్మి రైతులే వాటిని కాపాడుకుంటున్నారు. కోతలయ్యాక ఆ మళ్ల మీద అడవి రామదాసులు, పిల్లిగద్దలు వెతుక్కుంటూ తిరుగుతాయి. కొండ పక్షులు కావాలంటే తప్తపాణి దారి. అక్కడ అడవి అంచున చెట్ల మీద పాముల గద్ద కూర్చుని కనిపించవచ్చు, రోడ్డు దిగకుండానే చూడవచ్చు. శ్రీకాకుళం, విశాఖ నుంచి వచ్చేవాళ్లకు బరంపురం దాకా రైలు ఉంది. రంభలోనూ స్టేషన్ ఉంది కానీ అన్ని రైళ్లూ ఆగవు, చూసుకుని ఎక్కండి.

గోపాల్‌పూర్‌లోనూ, ఋషికుల్య ఒడ్డు పల్లెల్లోనూ జాలర్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్లను గద్దల గురించి కాదు, వలల గురించి అడగండి. "మావా, రేపు పడవలు ఎన్నింటికి తిరిగొస్తాయి? ఏ వైపు దిగుతాయి?" అంటే సరిగ్గా చెబుతారు. వల విప్పి పనికిరాని చిన్న చేపలు పక్కన పడేసే చోటే గరుడపక్షులు దిగుతాయి. చిలికా లోపలి ఊళ్లలో ఒడియా వాళ్లయితే "భాయినా" అని పలకరించి "శంఖచిల ఎక్కడ కనిపిస్తుంది?" అనండి, గరుడపక్షి గురించే అడుగుతున్నారని వెంటనే అర్థమవుతుంది. ఒక చిన్న మాట. కార్తీకమాసంలో ఇక్కడి ఒడియా ఇళ్లలో చేపలు తినడం బాగా తగ్గిపోతుంది, కార్తీక పౌర్ణమితో ముగిసే అయిదు రోజుల పంచుకలో మరీను. చేపల బజారులో సందడి ఉండదు. ఆ రోజుల్లో బజారు గద్దల మీద ఆశ పెట్టుకోకుండా చిలికాకి వెళ్లండి.

ఏ పక్షి ఏం చేయబోతోంది

సెట్టింగుల కంటే ముందు నేర్చుకోవలసింది ఇది.

గరుడపక్షి, నల్లగద్ద పక్కపక్కనే తిరుగుతాయి. పెద్ద గరుడపక్షికి తెల్లటి తల, ఇటుక రంగు ఒళ్లు కాబట్టి ఎవరైనా పోలుస్తారు. దాని పిల్ల మాత్రం గోధుమ రంగులో ఉండి నల్లగద్ద అనిపిస్తుంది. తోక చూడండి. నల్లగద్ద తోక చివర మధ్యలో చీలినట్టు ఉంటుంది, గరుడపక్షిది గుండ్రం. గరుడపక్షి నీటి మీద తేలే చేపను ఒళ్లు తడవకుండా కాళ్లతో తన్నుకుపోతుంది. దిగే ముందు ఒకటి రెండు చుట్లు తిరిగి ఎత్తు తగ్గించుకుంటుంది. మొదటి చుట్టులోనే ఫోకస్ పట్టి వదలకుండా ఉంటే ఆఖరి క్షణం మీదే.

కొరమీను గద్ద, అంటే ఆస్ప్రే, అలా కాదు. దీని తిండి దాదాపు మొత్తం చేపలే. పది నుంచి నలభై మీటర్ల ఎత్తున ఎగురుతూ, చేప కనిపించగానే గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది. ఆ తర్వాత కాళ్లు ముందుకు చాచి నీళ్లలో పడుతుంది. అరికాళ్లలో ముళ్లలాంటి పొలుసులు, వెనక్కి తిప్పుకోగల బయటి వేలు ఉండటం వల్ల జారే చేపను గట్టిగా పట్టుకోగలదు. కొత్తవాళ్లు నీళ్లు చిమ్మగానే పనయిపోయిందని కెమెరా దించేస్తారు. అసలైన ఫోటోలు ఆ తర్వాతే ఉంటాయి. అది బరువుగా రెక్కలు కొడుతూ నీటి నుంచి పైకి లేస్తుంది. కొన్ని మీటర్లు వెళ్లాక గాల్లోనే తడిసిన కుక్కలా ఒళ్లంతా విదిలిస్తుంది, నీటి బొట్లు చుట్టూ చిమ్ముతాయి. తర్వాత చేప తల ముందుకు వచ్చేలా తిప్పుకుని ఏదో ఒక కర్ర మీదికి తిన్నగా పోతుంది. నీళ్లు చిమ్మిన క్షణం నుంచి ఆ కర్ర చేరేదాకా కంటి నుంచి కెమెరా తీయకండి. చేప దొరకకపోతే అదే చోట మళ్లీ ప్రయత్నించడం మామూలే, కాబట్టి మీరూ కదలకండి.

పిల్లిగద్ద రెక్కలను కొంచెం పైకెత్తి, గడ్డి మీద, తుంగ మీద చాలా కిందుగా ఎగురుతుంది. దాన్ని వెతకడం కంటే బాతులను చూస్తూ ఉండటం సులువు. ప్రశాంతంగా ఉన్న నామాలకోళ్లు, బాతులు ఒక్కసారిగా గోలపెట్టి లేచాయంటే అవి లేచిన చోటికి వెనక చూడండి, పిల్లిగద్ద వస్తూ ఉంటుంది. జాలెడేగకూ ఇదే పద్ధతి. ఊరి తోటల్లో ఉడుతలు, గోరింకలు, పికిలిపిట్టలు ఒకే చెట్టు వైపు చూస్తూ గోలచేస్తుంటే ఆ చెట్టులో డేగ దాక్కుని ఉండే అవకాశం ఎక్కువ.

అడవి రామదాసు కొత్తవాళ్లకు మంచి గురువు. కాకి కంటే చిన్నది. తెలుపు, బూడిద రంగు, భుజాల మీద నలుపు, కళ్లు మంచి ఎరుపు. పొద్దున్నే, సాయంత్రం పొలాల మీద ఒకేచోట గాల్లో నిలబడి ఎలుకల కోసం చూస్తుంది. కదలకుండా నిలబడిన పక్షి కాబట్టి ఫోకస్ నేర్చుకోవడానికి అవకాశం ఇస్తుంది. కరెంటు తీగ మీద అదే చోటికి పదేపదే వచ్చి వాలుతుంది కూడా.

పెద్ద గద్దలు పొద్దున్నే ఎగరవు. నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలయ్యాక, అంటే సుమారు తొమ్మిది తర్వాత, ఆ గాలిని ఆసరా చేసుకుని రెక్క కొట్టకుండా పైకి పోతాయి. పదికల్లా చుక్కలైపోతాయి. కాబట్టి చెట్టు మీద, స్తంభం మీద కూర్చున్న ఫోటో కావాలంటే సూర్యోదయానికి మీరు అక్కడ ఉండాలి. తొమ్మిదికి టిఫిన్ చేసి బయల్దేరితే ఆకాశాన్ని చూసి తిరిగిరావడమే.

కూర్చున్న పక్షి ఎప్పుడు లేస్తుందో ముందే తెలుస్తుంది. ఈకలు ఒంటికి దగ్గరగా అదుముకుంటుంది. ముందుకు వంగుతుంది. తల పైకీ కిందకీ ఆడిస్తూ ఒకే వైపు చూస్తుంది. చాలాసార్లు తోకెత్తి రెట్ట వేస్తుంది. రెట్ట వేయగానే షట్టర్ నొక్కడం మొదలుపెట్టండి.

కెమెరా, లెన్సు

దీని మీద ఎక్కువ చెప్పను. 70–300 లెన్సుతో గోపాల్‌పూర్ గరుడపక్షుల మంచి ఫోటోలు వస్తాయి. కొలత ఇలా వేసుకోండి. మామూలు క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరాలో 400 ఎంఎం లెన్సు 30 మీటర్ల దూరంలో సుమారు 1.75 మీటర్ల వెడల్పును చూపిస్తుంది. గరుడపక్షి రెక్కలు చాచితే 1.1 నుంచి 1.25 మీటర్లు. అంటే ఫ్రేములో మూడింట రెండు వంతులు నిండుతుంది. 60 మీటర్లకు పోతే మూడో వంతే. 300 ఎంఎంతో 30 మీటర్ల దగ్గర సగం. రెక్కలు చాచితే దాదాపు రెండు మీటర్లుండే సముద్రపు గద్దకు ఇంకా దూరం సరిపోతుంది. 150–600 లెన్సులు బాగుంటాయి కానీ సుమారు రెండు కిలోల బరువు చేతిలో పట్టుకుని ఎగిరే పక్షి వెంట తిప్పాలి, కొనేముందు షాపులోనే పది నిమిషాలు పట్టుకుని చూడండి. లెన్సు మార్చే వీల్లేని, జూమ్ ఎక్కువున్న బ్రిడ్జ్ కెమెరాలు కూర్చున్న పక్షులకు బాగా పనికొస్తాయి, ఎగిరేవాటి వెంట పడటంలో వెనకబడతాయి.

సెట్టింగులు

ఎగిరే పక్షికి షట్టర్ 1/2000కి తగ్గకూడదు. ఆస్ప్రే దూకేటప్పుడు 1/3200 ఉంటే నీటి బొట్లు కూడా నిలబడతాయి. కూర్చున్న పక్షికి 1/500 చాలు, కానీ అది లేస్తుందని అనుమానం రాగానే పెంచుకోవాలి కాబట్టి ఆ డయల్ మీదే వేలు ఉంచండి. అపర్చర్ ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 8 మధ్య. ఫోకస్ కంటిన్యువస్‌లో, అంటే కెమెరాను బట్టి ఏఎఫ్-సి గానీ ఏఐ సర్వో గానీ. కొత్త కెమెరాల్లో పక్షి కన్నును పట్టే సదుపాయం ఉంటే వాడండి. లేకపోతే మధ్యలో చిన్న జోన్ పెట్టుకోండి. ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి తప్పించి వెనక బటన్‌కు మార్చుకుంటే, వల కర్రలు అడ్డొచ్చినప్పుడు బొటనవేలు ఎత్తేసి ఫోకస్‌ను ఆపుకోవచ్చు. ఫోటోలు రా (RAW) ఫైళ్లుగా తీయండి.

అసలు తిప్పలు వెలుగుతోనే. గద్ద ముదురు రంగు, వెనక ఆకాశం తెలుపు. కెమెరా ఆకాశాన్ని చూసి ఫోటో మొత్తం చీకటి చేసేస్తుంది. ఆటో ఐఎస్‌ఓలో ఉంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఒకటి నుంచి ఒకటిన్నర స్టాప్ పెంచండి (ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపు). అదే గరుడపక్షి నల్లటి కొండ ముందుకు వెళ్లగానే తెల్ల తల మాడిపోతుంది, అప్పుడు అరస్టాప్ పైన తగ్గించాలి. ఎగిరే పక్షి ఆకాశం ముందు నుంచి కొండ ముందుకు, కొండ ముందు నుంచి నీటి ముందుకు క్షణాల్లో మారుతుంది, మీ వేలు అంత వేగంగా మారదు. అందుకే ఎండ నిలకడగా ఉన్న రోజు నేను పూర్తి మాన్యువల్ వాడమంటాను. వెనక ఏమున్నా పక్షి మీద పడే ఎండ ఒకటే కదా. ఎండ బాగా వచ్చిన ఉదయం తొమ్మిదికి 1/2500, ఎఫ్ 6.3, ఐఎస్‌ఓ 500 నుంచి 640 దగ్గర మొదలుపెట్టి, ఒక ఫోటో తీసి తెల్ల ఈకల్లో గీతలు కనిపిస్తున్నాయో లేదో పెద్దది చేసి చూసుకోండి. కనిపిస్తే అలాగే వదిలేయండి. సూర్యుడు ఇంకా పైకి వచ్చినప్పుడు, మబ్బు పట్టినప్పుడు మాత్రమే మార్చండి.

పదిన్నర దాటాక ఉప్పు మళ్ల మీద, నీటి మీద వేడికి గాలి వణుకుతుంది. దూరంగా ఉన్న పక్షి ఎంత మంచి లెన్సుకైనా మసకగానే పడుతుంది. కెమెరా పాడైందని టెన్షన్ పడకండి. లెన్సు మూసేసి సాయంత్రం మూడున్నరకు రండి.

గాలి, ఎండ: ఎక్కడ నిలబడాలి

పక్షి గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే వాలుతుంది. గాల్లో నిలబడి వెతికే ఆస్ప్రే, అడవి రామదాసు కూడా గాలికే ముఖం పెడతాయి. అంటే గాలి మీ వీపుకు తగులుతుంటే పక్షి ముఖం మీ వైపు ఉంటుంది. ఎండ కూడా మీ వీపు వెనకే ఉంటే ఆ ముఖం మీద వెలుగు ఉంటుంది, కంట్లో మెరుపు ఉంటుంది. చోటు ఎంచుకోవడానికి ఈ రెండే సూత్రాలు.

చలికాలం ఉదయం ఇక్కడ గాలి ఎక్కువగా ఉత్తరం వైపు నుంచి వస్తుంది, సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు. రెండూ కలవవు. అప్పుడు పక్షికి తూర్పున ఉండండి. అది ఉత్తరానికి తిరిగి ఉంటుంది, పక్క నుంచి పూర్తి వెలుగులో దొరుకుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి మొదలవుతుంది. అప్పుడు దక్షిణం వైపుకు మారితే పక్షి మీ వైపు తిరుగుతుంది. మార్చి దాటాక గాలి దక్షిణం, నైరుతి నుంచి గట్టిగా వీస్తుంది, సాయంత్రం ఎండ పడమటి నుంచి. గాలీ వెలుగూ ఒకే వైపు నుంచి వచ్చే పూట అదే. వలస పక్షులు అప్పటికి వెళ్లిపోతూ ఉన్నా గరుడపక్షుల ఎగురుడు ఫోటోలకు ఆ సాయంత్రాలను మించినవి లేవు. గాలి ఎటుందో తెలియకపోతే జాలరి పడవ మీద జెండా చూడండి. లెన్సు హుడ్‌కు జానెడు దారం కట్టుకున్నా చాలు.

చోటు కుదిరాక కూర్చోండి. ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు మంచివే, కానీ రంగు కంటే కదలిక ముఖ్యం. స్తంభం మీద పక్షి దగ్గరికి వెళ్లక తప్పకపోతే తిన్నగా నడవకండి. వేరే పని మీద పోతున్నట్టు ఏటవాలుగా నడిచి, మధ్యమధ్య ఆగండి. కారులోనో ఆటోలోనో ఉంటే దిగకుండా ఇంజన్ ఆపి అక్కడి నుంచే తీయండి, నడిచే మనిషిని చూసినంతగా అవి బండికి బెదరవు. ఈ పని ఊళ్ల మధ్య రోడ్ల మీదే చేయండి, జాతీయ రహదారి 16 మీద బండి ఆపవద్దు. పక్షి ఈకలు సర్దుకోవడం మానేసి మీ వైపే చూస్తోందంటే అక్కడితో ఆగిపోవాలి. ఇంకో అడుగు వేస్తే దాని పొద్దుటి వేట మీరు చెడగొట్టినట్టే. పొలంలోకి దిగేముందు రైతును అడగండి, పంట ఉంటే గట్టు మీదే నడవండి.

ముందు బజారులో సాధన

చిలికాకు వెళ్లేముందు మీ ఊరి చేపల బజారు మీద తిరిగే నల్లగద్దలతో, కాకులతో సాధన చేయండి. ఎడమచేయి లెన్సు కింద చివరికి పట్టుకోండి, మోచేతులు ఒంటికి ఆనించండి, నడుము నుంచి తిరగండి. పక్షి దూరంగా చిన్నగా ఉన్నప్పుడే ఫ్రేములో పట్టుకుని దానితోపాటే తిప్పుతూ రావాలి. దగ్గరికి వచ్చాక వెతికితే దొరకదు. జూమ్ లెన్సయితే మొదట వెడల్పుగా పెట్టి పట్టుకుని తర్వాత దగ్గరకు లాగండి. రెండు కళ్లూ తెరిచి చూడటం అలవాటు చేసుకుంటే పక్షిని పోగొట్టుకోవడం చాలా తగ్గుతుంది. చూసేవాళ్లు వింతగా చూస్తారు, పట్టించుకోకండి.

పడవ ఎక్కాక

రంభలో పడవ మాట్లాడుకునేటప్పుడే చెప్పండి, మీకు దీవులన్నీ చుట్టి చూపించనక్కర్లేదు, వల కర్రలున్న చోట ఇంజన్ ఆపి నిలపాలి అని. పర్యాటకుల చుట్టు కాదని ముందే తెలిస్తే పడవవాళ్లు ఓపికగా సహకరిస్తారు. కర్రల వరుసకు గాలి వచ్చే వైపున ఇంజన్ ఆపితే పడవ నెమ్మదిగా దానంతటదే అటు కొట్టుకుపోతుంది. కర్ర మీది గద్ద ముఖం కూడా గాలి వైపే, అంటే మీ వైపే ఉంటుంది. పడవలో ట్రైపాడ్ వద్దు, వణుకంతా కెమెరాకు ఎక్కుతుంది. గట్టి గుడ్డ సంచిలో బియ్యం పోసి కుట్టి, పడవ అంచు మీద పెట్టి దాని మీద లెన్సు ఆనించండి. కూర్చునే తీయండి. కిందుగా ఉంటే పక్షి వెనక ఆకాశానికి బదులు దూరపు కొండలు, నీటి అంచు వస్తాయి.

ఇక్కడ ఒక అభిప్రాయం గట్టిగా చెబుతాను. ఖాళీ ఆకాశంలో ఫ్రేము నిండా గద్ద ఉన్న ఫోటో ఏ ఊరిదైనా కావచ్చు. వల కర్రలు, పడవలో జాలరి, వెనక తూర్పు కనుమల నీలి గీత, వాటి మధ్య చిన్నగా గద్ద ఉన్న ఫోటో మాత్రం రంభదే. దగ్గరగా తీసిన ముఖాలు దొరికాక లెన్సు వెనక్కి లాగి ఇలాంటివి తప్పకుండా తీయండి.

చిలికా మధ్యలోని నలబణ 1987లో అభయారణ్యంగా ప్రకటించిన దీవి. అక్కడ దిగకూడదు, పక్షుల గుంపు లేచేంత దగ్గరికి పడవ పోనివ్వకూడదు. ఎగిరే గుంపు ఫోటో కోసం పడవతో తరమమని అడిగేవాళ్లు ఉన్నారు. వేల మైళ్లు ఎగిరి వచ్చి తిని బలం పుంజుకుంటున్న పక్షుల చేత వృథాగా రెక్కలు కొట్టించడం అది. డ్రోన్ కూడా వద్దే వద్దు.

గూడు, ఎర

గరుడపక్షులు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా గూడు కడతాయి, నీటికి దగ్గరలో ఎత్తైన సరుగుడు, కొబ్బరి లాంటి చెట్ల మీద. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానుకు ఈ తీరంలో ఎన్నో పెద్ద చెట్లు కూలాయి. నిలిచిన చెట్టు మీది గూడు ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు. గూటి దగ్గర మీరు నిలబడితే తల్లి లేచిపోతుంది. అది తిరిగి వచ్చేలోపు ఎండకు గుడ్డు మాడిపోవచ్చు, కాకి ఎత్తుకుపోవచ్చు. గూడు కనిపిస్తే వెనక్కి తిరిగిపొండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లనూ గూళ్లనూ చెదరగొట్టడం కూడా వేటాడటం కిందికే వస్తుంది.

గద్దలు దగ్గరికి రావాలని చికెన్ ముక్కలు, చేపలు విసిరే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ఎవరైనా విసురుతామంటే వద్దనండి. మనిషి చేతి వైపు దూకడం నేర్చుకున్న గద్ద రేపు ఒక పిల్లవాడి చేతిలోని పొట్లం మీద దూకుతుంది, దెబ్బలు తింటుంది. ఫోన్లో కూతలు వినిపించి పిలవడమూ అంతే. జాలర్లు వల విదిలించిన చోట దానంతటది దిగే గద్ద చాలు మనకు.

ఇంటికి వచ్చాక

ముందు కెమెరా సంగతి. ఇక్కడి గాలిలో ఉప్పు ఉంటుంది. మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో లెన్సు గొట్టం, కెమెరా బయటి భాగం తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. ముందు అద్దాన్ని ఊదే బల్బుతో ఇసుక పోగొట్టాకే తుడవాలి. సిలికా జెల్ పొట్లాలు వేసిన మూతడబ్బాలో పెట్టండి, వానాకాలమైతే ఇది తప్పనిసరి, లేకపోతే బూజు పడుతుంది.

ఫోటోలు ఏరేటప్పుడు మొదట కన్ను చూడండి. కన్ను పదునుగా లేనిది రెక్కలు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. తర్వాత రెక్కలు పూర్తిగా పైకో కిందికో ఉన్నవి ఎంచండి. నీడలు కొంచెం తేల్చడం, ఫ్రేము కోయడం వరకు సరే. లేని చేపను గద్ద కాళ్లకు తగిలించడం, రంగులు మార్చడం వద్దు. తేదీ, ఊరు రాసి దాచుకోండి, పక్షులను చూసినవాళ్లు వివరాలు రాసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే ఏ పక్షి ఏ నెలలో ఇక్కడ ఉంటుందో లెక్కకు పనికొస్తుంది. గూడు, రాత్రి నిద్రించే చెట్టు ఎక్కడుందో మాత్రం ఎక్కడా పెట్టకండి. ఫోన్లో తీసినవైతే లొకేషన్ తీసేసి పంచుకోండి.

గాలిపటం దారానికో కరెంటు తీగకో తగిలి పడిపోయిన గద్ద కనిపిస్తే మందపాటి తువ్వాలు కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచండి. గోళ్లతో జాగ్రత్త. నీళ్లు, తిండి పెట్టకుండా దగ్గరి అటవీ కార్యాలయానికి చెప్పండి. ఏరే పనిలో ఏ పక్షి కాలికైనా ఉంగరం కనిపిస్తే ఆ ఫోటోను పెద్దది చేసి అక్షరాలు, అంకెలు, రంగు రాసుకుని తేదీ, చోటుతో సహా బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. చిలికాలో పక్షులకు ఉంగరాలు వేస్తున్నది వాళ్లే. ఉంగరం ఉన్న కాలు పడిన ఫ్రేము మిగతా అంతా మసకగా ఉన్నా తీసేయకండి.